రౌతు కొద్దీ గుర్రం సరే, మరి గుర్రం కొద్దీ జీను?

చౌడేపల్లె నుంచి మళ్ళీ నేనే. ఈరోజు ఎపిసోడ్‌ని ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతా.

మూడు నెలల కింద ఒక షార్ట్ పెట్టినా, మీలో చాలామంది చూసే ఉంటారు. పుంగనూరులో రాత్రిపూట పెళ్ళి ఊరేగింపు. బ్యాండు, లైట్లు, నల్ల గుర్రం మీద పెళ్ళికొడుకు. అంతా అయిపోయాక గుర్రం అన్న జీను దింపుతుంటే నేను ఫోన్ దగ్గరగా పెట్టి తీసినా. గుర్రం వీపు మీద, వెన్నుకి అటొకటి ఇటొకటి, అరచేయంత తెల్ల మచ్చలు. నల్లటి ఒంటి మీద మెరిసిపోతున్నాయి. "చూడండి ఫ్రెండ్స్, ఒకప్పుడు దీనికి రెక్కలు ఉండేవేమో, ఇవి వాటి గుర్తులేమో" అని వాయిస్ చెప్పి, వెనక మంచి మ్యూజిక్ వేసి వదిలినా. నా ఛానెల్లో ఎక్కువ మంది చూసిన వీడియో అదే.

వారం తర్వాత మదనపల్లె నుంచి ఒక ఫోన్ వచ్చింది. నంబరు కలిపింది మనవడు, మాట్లాడింది తాత. "నాయనా, ఆ గుర్రం వీడియో పెట్టింది నువ్వేనా? అవి రెక్కల గుర్తులు కాదబ్బా. జీను కొరికిన గుర్తులు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ తాత ఒకప్పుడు జట్కా తోలినాడు. జీనులు, పట్టీలు కూడా కుట్టినాడు. "ఒకసారి వచ్చి పో, చూపిస్తా" అన్నాడు. ఆ ఆదివారమే పోయినా. ఈ ఎపిసోడ్ అక్కడ పుట్టింది.

తెల్ల వెంట్రుకల లెక్క

తాత ముందు నన్ను ఒక ప్రశ్న అడిగినాడు. "మీ ఇంట్లో ఎద్దులు ఉన్నాయా?"

"మా జేజినాయన కాలంలో ఉండేవి తాతా."

"కాడి సరిగ్గా కూచోకపోతే ఎద్దు మెడకు ఏమవుతుంది?"

"పుండు పడతాది."

"అది మానినాక?"

అక్కడ నాకు వెలిగింది. కాడిమాను ఒరుసుకుని పుండు పడిన ఎద్దు మెడ మీద తోలు మొద్దుబారి, వెంట్రుక సరిగ్గా రాదు. మా ఊర్లో చిన్నప్పుడు చూసినదే. గుర్రానికి కూడా అంతే. జీను ఒకేచోట గట్టిగా నొక్కితే ఆ చోట తోలుకి రక్తం సరిగ్గా అందదు. వెంట్రుకకి రంగునిచ్చే కణాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత అక్కడ వచ్చే వెంట్రుక తెల్లగా వస్తుంది. గుర్రం నల్లదైనా, ఎర్రదైనా ఆ ముక్క మాత్రం తెలుపే. చాలాసార్లు ఆ తెలుపు జీవితాంతం పోదు.

అంటే నేను రెక్కలు అని మురిసిపోయింది ఒక పాత గాయాన్ని. పైగా దానికి మ్యూజిక్ వేసినా.

ఇంటికొచ్చి ఆ రాత్రి ఒక ప్రశ్న రాసుకున్నా. మనిషికీ గుర్రానికీ ఇద్దరికీ సరిపోయే జీను ఎట్లా చేస్తారు? మన చరిత్రలో దాని గురించి ఎవరైనా పట్టించుకున్నారా? నేను బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి. రెండు సిస్టమ్స్ మధ్య ఇంటర్‌ఫేస్ సరిగ్గా లేకపోతే రెండూ పాడవుతాయని ఉద్యోగంలో నేర్చుకున్నా. జీను కూడా అట్లాంటిదే, కాకపోతే ఒక పక్కవాడికి మాట్లాడే నోరు లేదు.

మాటల్లో దాగిన చరిత్ర

ముందు మాటలు చూద్దాం. జీను అనే మాట పారసీ నుంచి వచ్చింది, అక్కడ జీన్ అంటారు. కాలు పెట్టుకునే రికాబు అరబ్బీ నుంచి వచ్చింది. స్వారీ కూడా పారసీదే. అంటే సుల్తానులు, నవాబుల సైన్యాలతో పాటు గుర్రపు సామాను మాటలు కూడా మన ఊర్లలోకి వచ్చేసినాయి.

అంతకుముందు మనకు మాటలు లేవా అంటే, ఉన్నాయి. పాత తెలుగు కావ్యాల్లో జీనుని పల్యాణం అన్నారు, అది సంస్కృతం పర్యాణం నుంచి వచ్చింది. రికాబుకి అంకవన్నె అనే పాత మాట ఉంది. కళ్ళెం ఇప్పటికీ మన నోట్లోనే ఉంది. గుర్రం ఎక్కేవాడు రౌతు. కాకతీయుల కాలంలో గుర్రాల, ఏనుగుల దళాలు చూసే అధికారిని సాహిణి అన్నారు. నృత్తరత్నావళి రాసిన జాయప గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి పెద్ద.

సామెతలు కూడా ఉన్నాయి. "రౌతు కొద్దీ గుర్రం" అంటాం. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటాం. రెండిట్లోనూ గమనించండి, గుర్రం కుంటితే తప్పు గుర్రానిది, లేదంటే రౌతు మెతకదనానిది. మూడో కారణం, అంటే వీపు మీద జీను గుచ్చుకుంటోందేమో అన్న అనుమానం, సామెతలోకి రాలేదు. తాతకి ఈ మాట చెప్తే నవ్వినాడు. "సామెత కట్టింది రౌతు నాయనా, గుర్రం కట్టింటే వేరేగా ఉండు" అన్నాడు.

జీను అసలు ఏం పని చేస్తుంది?

జీను మనం కూర్చోవడానికి అనుకుంటాం కదా, అది సగమే నిజం. దాని అసలు పని బరువుని పంచడం. పచ్చి బురదలో కాలు పెడితే దిగబడుతుంది. అదే బురద మీద పలక వేసి నడిస్తే దిగబడదు. బరువు అదే, కానీ ఎక్కువ చోటు మీద పరుచుకుంది.

గుర్రం వెన్నెముక సరిగ్గా వీపు నడిమధ్యన, తోలుకి దగ్గరగా ఉంటుంది. దానికి రెండు పక్కలా పొడవాటి కండలు ఉంటాయి, వాటి కింద పక్కటెముకలు. బరువు ఆ కండల మీద పడాలి. వెన్నెముక మీద పడకూడదు. అందుకే మంచి జీను అడుగున నడుమ ఒక కాలువ లాంటి ఖాళీ ఉంటుంది. అటూ ఇటూ మెత్తలు ఉంటాయి. ఈ రెండు మెత్తల్ని పట్టి ఉంచేది లోపలి చట్రం, కర్రతోనో లోహంతోనో చేస్తారు.

ఈ చట్రం ఒక్కరోజులో పుట్టలేదు. మొదట్లో మనుషులు ఉత్త వీపు మీద, లేదంటే ఒక గుడ్డ, ఒక దిండు వేసుకుని ఎక్కినారు. రికాబు విషయంలో మన దేశానికి ఒక గొప్ప ఉంది. సాంచి శిల్పాల్లో, అంటే క్రీస్తుకు ముందు నాటి రాళ్ళ మీద, రౌతు కాలి బొటనవేలు ఒక ఉచ్చులో పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. ప్రపంచంలో రికాబుకి చాలా పాత రూపాల్లో అది ఒకటి. మనది వేడి దేశం, ఉత్త కాళ్ళతో ఎక్కుతారు కాబట్టి బొటనవేలు చాలింది. చలి దేశాల్లో బూట్లు వేసుకుంటారు, వాళ్ళకి మొత్తం పాదం పట్టే రికాబు కావాలి. చైనాలో 4వ శతాబ్దం నాటి సమాధుల్లో దొరికిన బొమ్మల్లో అట్లాంటివి కనబడతాయి.

చరిత్ర పుస్తకాలకి రికాబంటే చాలా ఇష్టం. 1962లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు, యూరప్‌లో ఫ్యూడల్ వ్యవస్థ పుట్టడానికే రికాబు కారణమని వాదించినాడు. ఆ తర్వాత చాలామంది దాన్ని కొట్టిపారేసినారు. కానీ ఎవరి పక్క చూసినా చర్చ అంతా రౌతు గురించే. రికాబు వల్ల వాడు ఎంత గట్టిగా బల్లెం పొడవగలడు, ఎంత బాగా కత్తి తిప్పగలడు అని. రికాబు మీద లేచి నిలబడితే ఆ బరువంతా ఎక్కడికి పోతుంది? చట్రం సరిగ్గా లేకపోతే రికాబు వేలాడే ఆ రెండు పాయింట్ల కిందికే, అంటే గుర్రం మూపు పక్కకే పోతుంది. మన పెళ్ళి గుర్రం తెల్ల మచ్చలు సరిగ్గా ఎక్కడున్నాయో గుర్తు చేసుకోండి.

చచ్చిన గుర్రానికి కూడా డబ్బు

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. దక్షిణాదిలో మేలు జాతి గుర్రాలు సరిగ్గా పెరగవు. వాతావరణం పడదు, మేత పడదు. మన దగ్గర పుట్టేవి చిన్నవి, తట్టు గుర్రాలు. అందుకని వందల ఏళ్ళ పాటు అరేబియా నుంచి, పారసీక దేశం నుంచి ఓడల్లో దిగుమతి చేసుకున్నారు.

13వ శతాబ్దం చివర్లో మన పక్క తమిళ తీరానికి వచ్చిన మార్కో పోలో ఒక మాట రాసినాడు. అక్కడి రాజు ఏటా 2,000 గుర్రాలు కొంటాడు, ఆయన తమ్ముళ్ళూ అంతంత కొంటారు, ఏడాది తిరిగేసరికి 100 కూడా మిగలవు అని. కారణం కూడా ఆయనే చెప్పినాడు. గుర్రాన్ని చూసుకోవడం తెలిసినవాళ్ళు అక్కడ లేరు, అమ్మే వ్యాపారులు గుర్రపు వైద్యుల్ని అటు రానివ్వరు, ఎందుకంటే గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ కొంటారు. లెక్కలో కొంచెం అతి ఉండొచ్చు. కానీ వ్యాపారం మాత్రం నిజం. ఈ కాలపు భాషలో చెప్పాలంటే ఫోన్ అమ్మి సర్వీస్ సెంటర్ పెట్టకపోవడం లాంటిది.

దానికి 200 ఏళ్ళ తర్వాత మన చంద్రగిరికి రండి. చౌడేపల్లె నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం లోపలే చేరిపోయే చోటు. అక్కడ బలం పెంచుకుని 1485లో విజయనగర సింహాసనం ఎక్కినవాడు సాళువ నరసింహుడు. ఆయన గురించి పోర్చుగీసు వాడు న్యూనిజ్ రాసిన ముక్క చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినా. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు తెప్పించడానికి వ్యాపారులు అడిగినంత ఇచ్చేవాడట. వెయ్యి వరహాలకి మూడు గుర్రాలు. బతికున్నా సరే, చచ్చినా సరే. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బు ఇచ్చేవాడట.

ఆలోచించండి. గుర్రాల కోసం ఆ రాజు ఎంత ఆరాటపడినాడో. రిస్క్ అంతా తన నెత్తిన వేసుకుంటే తప్ప వ్యాపారి తన రేవుకి రాడు. ఇంకొంత కాలానికి కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్తూ ఇదే విషయం ఎత్తుకున్నాడు. దూర దేశాల నుంచి ఏనుగులు, మేలైన గుర్రాలు తెచ్చే వర్తకుల్ని మంచి ధర ఇచ్చి, ఆదరించి మనవాళ్ళుగా చేసుకోవాలి, లేకపోతే ఆ గుర్రాలు శత్రువుల చేతికి పోతాయి అని. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని న్యూనిజే రాసినాడు.

హంపికి పోతే మహానవమి దిబ్బ మీద, హజారరామ ఆలయం గోడల మీద గుర్రాల వరసలు చూడొచ్చు. మనకి దగ్గర్లో వెల్లూరు కోటలో జలకంఠేశ్వరాలయం కల్యాణ మండపం ఉంది, అక్కడి స్తంభాల మీద కాళ్ళెత్తి లేచిన గుర్రాలు, వాటి మీద రౌతులు. ఈసారి పోయినప్పుడు సెల్ఫీ తర్వాత ఒక నిమిషం జీను వైపు చూడండి. పట్టీలు, గజ్జెలు, అంచులు శిల్పి ఎంత ఓపిగ్గా చెక్కినాడో. ఆ జీను కింద వీపు ఎట్లా ఉండేదో మాత్రం రాయి చెప్పదు.

నేను ఇంత చదివితే గుర్రాల ధర దొరికింది, లెక్క దొరికింది, రాజుల పేర్లు దొరికినాయి. జీను కుట్టినవాడి పేరు ఒక్కటీ ఎదురుపడలేదు. తాతకి చెప్తే, "మా వాళ్ళ పేర్లు ఎవురు రాస్తారు నాయనా, గుర్రం వీపే మాకు పుస్తకం" అన్నాడు.

సొంత గుర్రం, సర్కారు గుర్రం

మదనపల్లె దాటి ఇంకొంచెం పోతే గుర్రంకొండ. పేరే గుర్రం. ఆ కోట గురించి ఒక కథ చెప్తారు. కొండ మీద ఒక గుర్రం ఉండేదట, అది కాపలా ఉన్నంత కాలం కోటని ఎవరూ గెలవలేరట. ఒక మరాఠా వాడు నిటారు కొండ ఎక్కి ఆ గుర్రాన్ని దొంగిలించుకుపోయినాడట. గుర్రం పోయింది, కోట బలం పోయింది. ఇది కథే. చరిత్రలో మాత్రం గుర్రంకొండ హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల చేతిలో ఉండి, 1791లో మూడో మైసూరు యుద్ధంలో నిజాం, ఇంగ్లీషు సైన్యాల ముట్టడి చూసింది.

హైదర్ బలం గుర్రపు దళమే. 1780లో ఆయన కర్ణాటక నవాబు రాజ్యం మీద పడినప్పుడు ఆ గుర్రపు దండ్లు ఊర్లకి ఊర్లు చుట్టేసినాయి. 1782 డిసెంబర్ 7న ఆయన చనిపోయింది కూడా మన చిత్తూరు దగ్గరే, నరసింగరాయనిపేట దగ్గర దండులో. వీపు మీద లేచిన రాచపుండు వల్ల. అంత పెద్ద గుర్రపు దండుని నడిపినవాడు చివరికి వీపు మీద పుండుతో పోవడం చదివినప్పుడు నాకు ఎందుకో ఆ నల్ల గుర్రమే గుర్తొచ్చింది. రెండిటికీ సంబంధం లేదు, తెలుసు. అయినా గుర్తొచ్చింది.

ఆ కాలంలో రౌతులు రెండు రకాలు. సిలేదారు అంటే సొంత గుర్రం, సొంత జీను, సొంత ఆయుధం తెచ్చుకుని జీతానికి చేరేవాడు. బార్గీరు అంటే సర్కారు ఇచ్చిన గుర్రం ఎక్కేవాడు. సిలేదారుకి గుర్రం పోతే బతుకు పోయినట్టే. అందుకని కొందరు సిలేదార్లు గుర్రానికి దెబ్బ తగులుతుందని గట్టి యుద్ధానికి వెనకాడేవాళ్ళని ఆ కాలం వాళ్ళు ఫిర్యాదు చేసేవాళ్ళు.

మీకు అర్థమయ్యేలా చెప్తా. రెంట్‌కి తీసుకున్న బైక్‌ని గుంతల్లో ఎట్లా తోలుతాం? ఈఎంఐ కట్టే సొంత బైక్‌ని ఎట్లా తోలుతాం? తేడా మన గుణంలో లేదు, నష్టం ఎవరిదనే దాంట్లో ఉంది. సొంత గుర్రం ఉన్నవాడు సాయంత్రం జీను దింపి వీపు తడిమి చూస్తాడు. ఎందుకంటే రేపటి కూలి ఆ వీపు మీదే ఉంది.

ఫ్యాక్టరీ జీను వచ్చాక

19వ శతాబ్దంలో సైన్యాలు వేల జీనులు ఒకే అచ్చులో చేయించడం మొదలుపెట్టినాయి. మన దేశంలో కాన్పూరులో సర్కారు జీనుల ఫ్యాక్టరీ వచ్చింది. ఇప్పటికీ కాన్పూరు జీనులు విదేశాలకి పోతాయి, వాటికి జీఐ గుర్తింపు కూడా ఉంది.

అమెరికా సైన్యం 1859లో మెక్‌క్లెల్లన్ జీను తీసుకుంది. దాంట్లో ఒక మంచి పని చేసినారు, వెన్నెముక మీద ఏమీ తగలకుండా నడుమ పొడుగునా ఖాళీ వదిలేసినారు. గాలి కూడా ఆడుతుంది. కానీ సైజులు దేన్ని బట్టి పెట్టినారంటే, సీటు పొడవుని బట్టి. అంటే మనిషి సైజుని బట్టి. గుర్రానికి ఏది వస్తే అది.

ఇంగ్లీషు సైన్యం కొన్ని యుద్ధాల్లో గుర్రాలు పోగొట్టుకున్నాక ఆలోచన మారింది. వాళ్ళ 1912 నమూనా జీనులో లోహపు కమానులకి కీళ్ళు పెట్టినారు, చట్రం పక్కలు గుర్రం వీపుని బట్టి కొంచెం తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. దాని కింద ఒక దుప్పటి. దండయాత్రలో గుర్రం చిక్కిపోతే దుప్పటికి ఇంకో మడత. చిన్న కిటుకు, కానీ దాని వెనక ఒక పెద్ద ఒప్పుకోలు ఉంది. వీపు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎండాకాలం ఒకలా, మేత బాగున్నప్పుడు ఇంకోలా ఉంటుంది. కాబట్టి మారాల్సింది జీను.

మన తెలుగు వాళ్ళకి దీంతో సంబంధం ఉందా అంటే, ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడ్‌లో పాలస్తీనా దాకా పోయినారు. ఆ బ్రిగేడే 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని గెలిచింది, పట్టణం మీదికి దౌడు తీసింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులకి గుర్తు. ఎడారిలో అన్ని మైళ్ళు పోవాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు గుర్రం వీపు తడిమి చూడాలి.

ఇద్దరికీ సరిపోవాలంటే

ఇప్పుడు తాత దగ్గర నేర్చుకున్నది, తర్వాత నేను చదివి సరిచూసుకున్నది, ఒక వరసలో చెప్తా.

మొదట గుర్రం వైపు. జీనుని ఉత్త వీపు మీద పెట్టాలి, కింద దుప్పటి లేకుండా. మూపు ఎముకకీ జీను ముందు కమానుకీ నడుమ రెండు మూడు వేళ్ళు పట్టాలి, మనిషి కూర్చున్నాక కూడా ఆ ఖాళీ ఉండాలి. వెనక నుంచి చూస్తే నడుమ కాలువలో వెలుతురు కనబడాలి. మెత్తల కింద అరచెయ్యి పోనిస్తే ముందు నుంచి వెనక దాకా ఒకే ఒత్తిడి తగలాలి. ముందూ వెనకా తగిలి నడుమ ఖాళీగా ఉంటే వంతెన కట్టినట్టు, బరువు నాలుగు చోట్లే పడుతుంది. నడుమ మాత్రమే తగిలితే ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది. జీను ముందు వైపు భుజం ఎముక కదలికకి అడ్డం రాకూడదు. వెనక చివర ఆఖరి పక్కటెముక దాటకూడదు, అక్కడి నుంచి నడుముకి కింద ఆసరా లేదు.

తర్వాత మనిషి వైపు. సీటులో అన్నిటికన్నా లోతైన చోటు నడుమ ఉండాలి. అది వెనక్కి ఉంటే మనిషి వెనక్కి జారి గుర్రం నడుము మీద కూర్చుంటాడు. తొడ పొడుగున్నవాడికి పొడుగు సీటు కావాలి. సీటు ఇరుకైతే మనిషి నిలకడగా కూర్చోలేడు, అటూ ఇటూ ఊగుతాడు. ఆ ఊపు మళ్ళీ గుర్రం వీపు మీదే పడుతుంది.

గొడవ ఇక్కడే. పొడుగు మనిషికి పొడుగు జీను కావాలి, పొట్టి వీపు గుర్రానికి పొట్టి జీను కావాలి. అరేబియా గుర్రాల వీపు మామూలుగా పొట్టిది, కొన్నింటికి పక్కటెముకలు కూడా ఒక జత తక్కువ ఉంటాయి. మన తట్టు గుర్రాల సంగతి చెప్పనక్కర్లేదు. అప్పుడు ఎవరి మాట నెగ్గాలి? తాత జవాబు ఒక్క ముక్కలో: "మనిషి సర్దుకుంటాడు. నోరుండాది, దిగిపోతాడు. గుర్రం దిగిపోలేదు గదా."

బరువు కూడా చూడాలి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని ఒక మోటు లెక్క. 350 కిలోల గుర్రం అయితే 70 కిలోలు. దాంట్లో అలంకారపు జీను బరువు తీసేయండి, పెళ్ళికొడుకుకి ఎంత మిగిలిందో చూడండి.

చివరగా ఒక సులువు పరీక్ష. గుర్రం కాసేపు నడిచి చెమట పట్టినాక జీను తియ్యండి. జీను కింద అంతా ఒకే తీరుగా తడిగా ఉంటే మంచిది. తడి నడుమ ఒక ముక్క పొడిగా కనబడితే అక్కడ జీను గట్టిగా నొక్కుతోంది, చెమట కూడా రానివ్వట్లేదు. ఈరోజు పొడి మచ్చ, కొన్నాళ్ళకి పుండు, ఆ తర్వాత తెల్ల వెంట్రుక.

గుర్రం అన్న దగ్గరికి

ఇదంతా తెలిశాక పుంగనూరు గుర్రం అన్న దగ్గరికి పోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఏ మొహం పెట్టుకుని పోవాలి? ఆయన గుర్రాన్ని చూపించి పేరు తెచ్చుకున్నా, ఇప్పుడు పోయి నీ జీను తప్పు అని చెప్పాలా? తాతని వెంట పిలుచుకుని పోయినా.

అన్న కోపం చేసుకోలేదు. జీను తెచ్చి ముందర పెట్టినాడు. ఎర్ర మఖమలు, అద్దాలు, వెండి రంగు అంచులు. పైన చూస్తే పండగ. తిరగేస్తే అడుగున నడుమ కాలువే లేదు. లోపలి దూది ఒక పక్క గడ్డ కట్టింది. "ఈ జీను చూసే పెళ్ళోళ్ళు బుక్ చేస్తారు తమ్ముడూ. సాదా జీను వేస్తే బేరం రాదు. దీనికే అప్పు చేసినా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ మెరుపుని చూసి వీడియో తీసింది నేనే కదా. మనం పైనుంచి చూస్తాం, ఆయన పై భాగానికే డబ్బు పెట్టినాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు రౌతు ఒక్కడే ఉంటాడు, వాడికి గుర్రానికి కలిపి జీను కుట్టొచ్చు. పెళ్ళి గుర్రానికి రాత్రికొక రౌతు. ఒకరోజు 55 కిలోలు, ఇంకోరోజు 95. ఎవరికని కుడతారు?

తాత నేల మీద కూర్చుని జీను విప్పినాడు. "రౌతు మారతాడు, గుర్రం మారదు. దీనికే కుడదాం" అన్నాడు. గడ్డ కట్టిన దూది తీసేసి, రెండు పక్కలా విడివిడిగా మెత్తలు కుట్టి, నడుమ నాలుగు వేళ్ళ ఖాళీ వదిలినాడు. పైన మఖమలు అట్లాగే ఉంచినాడు. బేరం పోకూడదు కదా. పాత పుండు చోట ఇంకా తోలు పచ్చిగా ఉందని, మానేదాకా జీను వెయ్యొద్దన్నాడు. అన్న మూడు పెళ్ళిళ్ళు వదులుకున్నాడు. సీజన్లో మూడు పెళ్ళిళ్ళంటే చిన్న మాట కాదు.

పోయిన వారం మళ్ళీ ఊరేగింపు చూసినా. అయిపోయాక జీను దింపినారు. వీపంతా ఒకే తీరుగా తడిగా ఉంది. పొడి మచ్చ లేదు. తెల్ల మచ్చలు మాత్రం అట్లాగే ఉన్నాయి, అవి ఇక నల్లబడవు.

పాత షార్ట్ డిలీట్ చేద్దామనుకున్నా. తాత వద్దన్నాడు, "తీసేస్తే తప్పు పోతుంది, తెలివి కూడా పోతుంది" అన్నాడు. అందుకని ఉంచినా. దాని కిందే ఈ ఎపిసోడ్ లింక్ పెట్టినా.

ఫ్రెండ్స్, గుర్రాల కోసం తోకలకి కూడా డబ్బు ఇచ్చిన రాజుల కథలు మనకి బాగా తెలుసు. ఆ గుర్రాల వీపు గురించి ఆలోచించినవాళ్ళ పేర్లు తెలియవు. మీ ఇంట్లో, మీ ఊర్లో జట్కా తోలినవాళ్ళు, జీను కుట్టినవాళ్ళు, ఎద్దుల కాడి చెక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వారం ఒక గంట వాళ్ళ పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. నాకు పంపకపోయినా పర్లేదు, మీ దగ్గర ఉంచుకోండి.

ఈసారి పెళ్ళిలో గుర్రం కనిపిస్తే, పెళ్ళికొడుకుతో ఫోటో దిగండి, తప్పు లేదు. తర్వాత జీను దింపేదాకా ఆగండి. వీపు చూడండి. తెల్ల వెంట్రుక కనిపిస్తే రెక్కలని మాత్రం అనొద్దు, నాలాగా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.